చమురు కోసమే యుద్ధమా? ఒక ఇరాక్ బ్యారెల్ వెంట వెళ్లి చూడండి

ప్రశ్న: కాకినాడలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే నెల మా కాలేజీలో చర్చాపోటీ ఉంది. అంశం "యుద్ధాలన్నీ చమురు కోసమే". నాకు అవునని వాదించే పక్షం వచ్చింది. అమెరికా ఇరాక్ చమురంతా దోచుకుపోయిందని మా నాన్న అంటారు. మా మేనమామ బస్రా దగ్గర ఒక చమురు క్షేత్రంలో వెల్డింగ్ పనిలో ఉన్నారు. అక్కడ ఎటు చూసినా చైనా వాళ్లే తప్ప అమెరికా వాళ్లు పెద్దగా కనపడరని ఆయన మాట. ఎవరిది నిజం? భూమి కింద ఉన్న చమురు అసలు ఎవరి సొత్తు? మా పక్కనే ఉన్న కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాస్ రాష్ట్రానిదా, కేంద్రానిదా, కంపెనీదా? పోటీలో ఇరుక్కోకుండా ఎలా వాదించాలో చెప్పండి.

జవాబు: మీ మామయ్య చూసింది చూసినట్టు చెప్పారు. మీ నాన్నగారి మాటలో "దోచుకుపోయింది" అన్నది తీసేస్తే మిగతాది చాలావరకు నిలబడుతుంది. మీకు అసలు ప్రమాదం అంశంలోనే ఉంది. "అన్నీ", "కోసమే" అన్న రెండు మాటలను అలాగే నెత్తికెత్తుకుంటే ఎదుటి జట్టు 1962 చైనా యుద్ధం పేరు ఒక్కటి చెప్పి కూర్చుంటుంది. హిమాలయాల మీద చమురు బావులెక్కడివి?

అందుకని మొదటి అర నిమిషంలోనే అంశాన్ని మీరు మోయగలిగినంతకు కుదించుకోండి. "పెద్ద చమురు నిల్వలున్న చోట జరిగిన యుద్ధాల్లో చమురును పక్కన పెట్టి నిర్ణయాలు జరగలేదు" అనండి చాలు. దీనికి ఊతంగా ఒక లెక్క ఉంది. 1973 తర్వాత దేశాల మధ్య జరిగిన యుద్ధాల్లో పావు వంతు నుంచి సగం దాకా చమురుతో ఏదో ఒక ముడి ఉందని జెఫ్ కోల్గన్ అనే పరిశోధకుడు 2013లో చెప్పారు. ఆయనే ఆ ముడులు ఎనిమిది రకాలన్నారు. బావుల్ని లాక్కోవడం వాటిలో ఒకటి మాత్రమే. చమురు డబ్బుతో కండబలిసి పక్క దేశం మీద పడడం, చమురు రవాణా దారుల కోసం కొట్టుకోవడం, తిరుగుబాటుదారులకు చమురు సొమ్ము అందడం లాంటివి మిగతావి. "చమురు కోసం" అనగానే సభలో అందరికీ లాక్కోవడమే తోస్తుంది. ఆ ఒక్క అర్థంలో ఇరుక్కుంటే మీరు ఓడిపోతారు.

మొదటి ఉదాహరణగా 1990 కువైట్‌ను పెట్టుకోండి. ఇక్కడ ఉద్దేశాన్ని తవ్వి తీయనక్కర్లేదు, ఫిర్యాదులన్నీ సద్దాం హుస్సేన్ బాహాటంగానే చేశాడు. ఇరాన్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం 1988లో ఆగేసరికి ఇరాక్ పీకలదాకా అప్పుల్లో మునిగింది. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ పెట్టిన కోటా దాటి కువైట్ తోడేస్తూ ధర పడగొడుతోందని, బ్యారెల్ మీద ఒక్క డాలరు తగ్గితే ఇరాక్‌కు ఏడాదికి 100 కోట్ల డాలర్లు పోతాయని ఆయన వాదన. సరిహద్దుకు రెండు వైపులా పరుచుకున్న రుమైలా క్షేత్రం నుంచి కువైట్ 240 కోట్ల డాలర్ల చమురు లాగేసిందని ఇంకో ఆరోపణ. ఆగస్టు 2న సైన్యం కువైట్‌లోకి దిగింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. నాలుగు రోజులకే, ఆగస్టు 6న, భద్రతామండలి 661వ తీర్మానం చేసి ఇరాక్ చమురూ ఆక్రమిత కువైట్ చమురూ ఎవరూ కొనకూడదంది. టర్కీ మీదుగా, సౌదీ మీదుగా వెళ్లే పైప్‌లైన్లు మూతపడ్డాయి. ప్రపంచ నిల్వల్లో దాదాపు ఐదో వంతు సద్దాం గుప్పిట్లో ఉంది, సక్రమంగా అమ్ముకునే దారి మాత్రం లేదు. వెనక్కి పోతూ ఇరాక్ సేనలు 600కు పైగా బావులకు నిప్పుపెట్టాయి. చివరి మంట ఆరేసరికి 1991 నవంబరు వచ్చింది. కువైట్ యుద్ధ నష్టపరిహారం కింద ఇరాక్ తన చమురు ఆదాయం నుంచే 5,240 కోట్ల డాలర్లు కట్టుకుంటూ వచ్చి 2022లో ఆ బాకీ తీర్చింది. చమురు కోసం యుద్ధానికి దిగడం, ఆ యుద్ధంలో చమురు దక్కడం వేర్వేరు సంగతులని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. "చమురు దక్కలేదు కాబట్టి చమురు కోసం కాదు" అని ఎదుటి జట్టు అన్నప్పుడు ఇది తీయండి.

1941 జపాన్ కూడా అలాంటిదే. తనకు కావలసిన చమురులో సుమారు 80 శాతం అమెరికా నుంచే కొనుక్కునేది. జపాన్ ఇండోచైనా దక్షిణ భాగంలోకి దిగడంతో 1941 జులై చివర్లో అమెరికా దాని ఆస్తులను స్తంభింపజేసింది, ఆగస్టు నుంచి చమురు రాక ఆగిపోయింది. మిగిలిన దారి డచ్ వాళ్ల ఏలుబడిలోని ఇండోనేసియా దీవుల బావులు. పెరల్ హార్బర్ మీద దాడి, ఆ దీవుల వైపు వెళ్లేటప్పుడు పక్క నుంచి అమెరికా నౌకాదళం అడ్డు రాకుండా చేసిన పని. 1942 ఫిబ్రవరిలో పాలెంబాంగ్ రిఫైనరీ మీద పారాచూట్ దళాన్ని దింపారు. బావులు దొరికాయి, చమురూ పైకి వచ్చింది. దాన్ని ఇంటికి చేర్చాల్సిన ట్యాంకర్లను అమెరికా జలాంతర్గాములు ఒక్కొక్కటిగా ముంచేశాయి.

మరి 2003 ఇరాక్? మీ పోటీ గెలుపోటములు ఇక్కడే తేలతాయి, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ముందు ఒక సంగతి తెలియాలి. చమురున్న దేశం కంపెనీతో కుదుర్చుకునే ఒప్పందాలు ప్రధానంగా మూడు రకాలు. గోదావరి జిల్లా వాళ్లకు ఇవి పొలం లెక్కలో ఇట్టే అర్థమవుతాయి: కౌలు, పాలు, కూలి. కౌలు పద్ధతిలో కంపెనీ దేశానికి రాయల్టీ, పన్నులు కడుతుంది, పైకి వచ్చిన చమురు కంపెనీదే. పాలు పద్ధతిలో ముందు కంపెనీ ఖర్చు తీసేసి, మిగిలింది ప్రభుత్వమూ కంపెనీ పంచుకుంటాయి. కూలి పద్ధతిలో చమురు చివరి బొట్టు దాకా దేశానిదే, కంపెనీకి ఖర్చులు పోను బ్యారెల్‌కు ఇంతని రుసుము ముడుతుంది. ఎవరైనా "ఫలానా దేశపు చమురు ఫలానా కంపెనీ చేతిలో ఉంది" అంటే మీ మొదటి ప్రశ్న, ఈ మూడింటిలో ఏ ఒప్పందం కింద అని.

ఇరాక్‌లో తొలి ఒప్పందం పచ్చి కౌలు. 1925లో రాసుకున్నది, 75 ఏళ్ల గడువు, టన్నుకు 4 బంగారు షిల్లింగుల రాయల్టీ. 1927లో కిర్కుక్ దగ్గర బాబా గుర్‌గుర్‌లో చమురు పడింది. కంపెనీ పేరు తర్వాత ఇరాక్ పెట్రోలియం కంపెనీ అయింది గాని, ఇరాక్‌కు అందులో వాటా లేదు. ఇప్పటి బ్రిటన్ కంపెనీ బీపీకి పూర్వ రూపమైన ఆంగ్లో-పర్షియన్, షెల్, ఫ్రెంచి కంపెనీ, అమెరికన్ కంపెనీల కూటమి తలా 23.75 శాతం తీసుకున్నాయి. మధ్యవర్తి గుల్బెంకియన్‌కు మిగతా 5 శాతం. 1961లో ఇరాక్ 80వ నంబరు చట్టం తెచ్చి, కంపెనీ ముట్టుకోని 99.5 శాతం భూభాగాన్ని వెనక్కి తీసుకుంది. 1972 జూన్ 1న కంపెనీనే జాతీయం చేసింది. అప్పటి నుంచి చట్టప్రకారం ఇరాక్ చమురు ఇరాక్‌ది. 2003 దాడి తర్వాత కూడా ఈ హక్కు మారలేదు. 2005 రాజ్యాంగం 111వ అధికరణం చమురు, గ్యాస్ ఇరాక్ ప్రజలందరి సొత్తని రాసింది. ఆక్రమణ పాలకులు 2003 సెప్టెంబరులో తెచ్చిన 39వ ఉత్తర్వు విదేశీయులకు ఇరాక్ వ్యాపారాల్లో 100 శాతం వాటాకు తలుపులు తెరిచింది గాని, సహజ వనరుల తవ్వకాన్ని పేరుపెట్టి మినహాయించింది.

మంచితనంతో మినహాయించారని అనుకోనక్కర్లేదు. ఆక్రమించిన సేన ఆ దేశపు ప్రభుత్వ ఆస్తులకు కాపలాదారు మాత్రమేనని, ఫలసాయం అనుభవించవచ్చుగాని మూలధనాన్ని తరగనివ్వకూడదని యుద్ధ నియమాలు చెప్పే 1907 హేగ్ నిబంధనల 55వ అధికరణం చెబుతుంది. సహజ వనరుల మీద శాశ్వత సార్వభౌమత్వం ఆ ప్రజలదేనని ఐక్యరాజ్యసమితి 1962లో 1803వ తీర్మానం చేసింది. హక్కు పత్రం సరిగా లేని చమురును పెద్ద రిఫైనరీలు, బ్యాంకులు, బీమా కంపెనీలు తాకవు. నైతికత కోసం కాదు, రేపు ఏదో ఒక దేశపు కోర్టు ఓడను పట్టుకుంటుందన్న భయంతో.

2009లో బాగ్దాద్ వేలం పెట్టినప్పుడు ఎంచుకున్నది కూలి పద్ధతి. రుమైలా కోసం అమెరికా కంపెనీ ఎక్సాన్ మొబిల్ కూటమి బ్యారెల్‌కు 4.80 డాలర్లు అడిగింది. బీపీ, చైనా సీఎన్‌పీసీ కలిసి 3.99 అడిగాయి. మా రేటు 2 డాలర్లే, చేస్తే చేయండి లేకపోతే లేదంది ప్రభుత్వం. ఎక్సాన్ తప్పుకుంది, బీపీ జట్టు ఒప్పుకుంది. ఆ 2 డాలర్లలోనూ 25 శాతం ఇరాక్ ప్రభుత్వ భాగస్వామి వాటా. పోతే 1.50. దాని మీద 35 శాతం పన్ను కడితే కంపెనీల చేతిలో మిగిలేది 97.5 సెంట్లు. అదైనా ప్రతి బ్యారెల్‌కూ కాదు, ఒప్పందం నాటికి వస్తున్న ఉత్పత్తి మీద అదనంగా పెంచిన బ్యారెల్‌కే. 70 డాలర్లకు అమ్ముడుపోయే బ్యారెల్‌లో ఒక డాలరు కూడా దక్కని లాభాన్ని దోపిడీ అని మీరు వేదిక మీద అంటే, ఎదుటి జట్టులో ఈ లెక్క చదివినవాళ్లు ఉన్నారా, మీ పని అంతే.

రెండో విడత డిసెంబరులో ఇంకా చవక. వెస్ట్ ఖుర్నా-2 క్షేత్రాన్ని రష్యా లుకాయిల్ 1.15 డాలర్లకు, మజ్నూన్ క్షేత్రాన్ని షెల్, మలేసియా పెట్రోనాస్ 1.39కి తీసుకున్నాయి. వెస్ట్ ఖుర్నా-1 ఎక్సాన్‌కు దక్కినా, పెద్ద ముక్కల్లో చాలావరకు అమెరికా కంపెనీలకు పోలేదు. ఇంత పలుచని లాభానికి పాశ్చాత్య కంపెనీలు ఎక్కువకాలం ఆగలేదు కూడా. బావుల్లో పీడనం నిలపడానికి కావలసిన సముద్రపు నీటి పథకం ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉండిపోయింది, చెల్లింపులు ఆలస్యమయ్యాయి, రుమైలా లక్ష్యాన్ని రోజుకు 28.5 లక్షల బ్యారెళ్ల నుంచి 21 లక్షలకు దించుకోవాల్సి వచ్చింది. షెల్ 2018లో మజ్నూన్ వదిలేసింది. వెస్ట్ ఖుర్నా-1 నుంచి ఎక్సాన్ తప్పుకోగా 2024 మొదట్లో పెట్రోచైనా ఆ స్థానంలోకి వచ్చింది. మీ మామయ్య చుట్టూ చైనా వాళ్లు కనిపించడానికి కారణం ఇదే. ఆయన్ని అడిగి సమాచారం తెచ్చుకోండి గాని, క్షేత్రం లోపలి ఫొటోలు పంపమని అడగకండి. అలాంటి చోట్ల అనుమతి లేని ఫొటోకు ఉద్యోగమే పోవచ్చు.

ఇదంతా విని "అయితే 2003 యుద్ధానికీ చమురుకీ సంబంధం లేదన్నమాట" అనుకోకండి. అది అవతలి గొయ్యి. లాభం ఎవరికి వచ్చిందని చూసి ఉద్దేశాన్ని తేల్చకూడదు. యుద్ధానికి ముందు ఎవరేం కోరుకున్నారో చూపించే కాగితాలు చూడాలి. అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఇంధన బృందం దగ్గర 2001 మార్చి నాటికే ఇరాక్ చమురు క్షేత్రాల పటమూ, సద్దాంతో ఒప్పందాలకు క్యూ కట్టిన విదేశీ కంపెనీల జాబితా ఉన్నాయి. ఒక కోర్టు దావా వల్ల 2003లో అవి బయటపడ్డాయి. యుద్ధానికి నాలుగైదు నెలల ముందు, 2002 శరత్కాలంలో, బీపీ, షెల్ ప్రతినిధులు బ్రిటన్ వాణిజ్య మంత్రి బారనెస్ సైమన్స్‌ను కలిసి, సద్దాం తర్వాతి ఇరాక్‌లో తమకు చోటు దక్కేలా చూడాలని కోరారు. ఆ సమావేశాల నమోదు పత్రాలు 2011లో అచ్చయ్యాయి. 1997లో సద్దాం రష్యా, చైనా కంపెనీలతో క్షేత్రాల ఒప్పందాలు చేసుకోవడం, ఆంక్షల వల్ల అవి నడవకపోవడం కూడా ఇదే చిత్రంలో భాగం.

ఈ కాగితాలు ఆసక్తిని రుజువు చేస్తాయి. చమురే ఏకైక కారణమని చెప్పడానికి అవి సరిపోవు. మా అంచనా ఇది: ఆ చమురును దోచుకుపోవాలన్నది లక్ష్యం కాదు. ప్రపంచంలోకెల్లా పెద్ద నిల్వలున్న ప్రాంతం మధ్యలో, తమ మాట వినని పాలకుడి చేతిలో అంత ఆదాయం ఉండకూడదన్నది లక్ష్యాల్లో ఒకటి. ఇరాక్ ఖర్జూరాలు మాత్రమే ఎగుమతి చేసే దేశమై ఉంటే వాషింగ్టన్ అంత దూరం వచ్చేది కాదు. మీరు ఇక్కడిదాకా వాదించండి, ఆపైన వద్దు. ఎవరైనా "అమెరికా చమురు కొనుక్కుంటే పోయేదిగా" అని ఎదురడిగితే, యుద్ధానికి ముందు ఏడాది కూడా అమెరికా ఇరాక్ చమురు కొంటూనే ఉందని మీరే ఒప్పేసుకోండి. కొనుక్కోవడానికి యుద్ధం అక్కర్లేదు. ఆ చమురును ఎవరు, ఎప్పుడు, ఎంత తీస్తారన్న నిర్ణయం మీద పట్టు డబ్బుతో దొరికేది కాదు.

మరి మీ నాన్నగారి మాటకు ఆధారం ఏదైనా ఉందంటే, బావి దగ్గర కాదు, బ్యాంకు దగ్గర ఉంది. పోటీలో దీన్ని ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి. 2003 మే 22న భద్రతామండలి 1483వ తీర్మానం ఇరాక్ చమురు అమ్మకాల సొమ్ములో 5 శాతం కువైట్ పరిహార నిధికి, 95 శాతం ఇరాక్ అభివృద్ధి నిధికి వెళ్లాలంది. ఆ నిధి ఖాతా న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో. ఖర్చు పెట్టే అధికారం మొదటి ఏడాది ఆక్రమణ పాలనా యంత్రాంగానిది. అందులో 880 కోట్ల డాలర్లకు సరైన అజమాయిషీ లేకపోయిందని 2005 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ప్రత్యేక ఇన్‌స్పెక్టరే తప్పుపట్టారు. ఐక్యరాజ్యసమితి ఏర్పాటు 2011 మధ్యలో ముగిసింది. ఖాతా మాత్రం న్యూయార్క్‌లోనే కొనసాగింది. అమెరికా సేనలు వెళ్లిపోవాలని 2020 జనవరిలో ఇరాక్ పార్లమెంటు తీర్మానించగానే, ఆ ఖాతా అందకుండా పోవచ్చని వాషింగ్టన్ హెచ్చరించినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. చమురు ఇరాక్‌ది, కూలి చైనా వాళ్లది, బిల్లు సోమో అనే ఇరాక్ ప్రభుత్వ అమ్మకాల సంస్థ పేరిట, సొమ్ము జమయ్యే కిటికీ అమెరికాది. "ఎవరి అదుపులో ఉంది" అన్న ప్రశ్నకు ఒక్క పేరు చెప్పలేం.

అందుకే ఏ దేశం గురించి చదివినా బ్యారెల్ వెంట నడవండి. భూమి కింద హక్కు ఎవరిదో రాజ్యాంగంలో చూడండి. ఒప్పందం కౌలా, పాలా, కూలా అని చూడండి. పైప్‌లైను, ఓడరేవు ఎవరి నేల మీద ఉన్నాయో చూడండి. చివరికి డబ్బు ఏ దేశపు బ్యాంకులో పడుతుందో చూడండి. నాలుగూ ఒకరి చేతిలోనే ఉంటే ఆ దేశం నిజంగా తన చమురుకు యజమాని. సౌదీ దాదాపు అలాంటిది. అమెరికన్ కంపెనీల ఆరాంకోను 1973లో 25 శాతం, 1974లో 60, 1980కి మొత్తం కొనేసింది, గొడవ లేకుండా.

మూడోది, దారి, ఎంత బలమైనదో దక్షిణ సూడాన్ చూపించింది. 2011లో విడిపోయినప్పుడు పాత సూడాన్ చమురులో సుమారు నాలుగింట మూడొంతులు దానికే వచ్చింది. సముద్రానికి పోయే పైప్‌లైన్ మాత్రం ఉత్తరాన సూడాన్‌లో ఉండిపోయింది. బ్యారెల్‌కు 36 డాలర్ల దారి సుంకం కావాలని సూడాన్, డాలరు కూడా ఇవ్వమని దక్షిణం. 2012 జనవరిలో దక్షిణ సూడాన్ తన బావులే మూసేసుకుంది, ఏప్రిల్‌లో హెగ్లిగ్ క్షేత్రం కోసం రెండు సేనలూ కొట్టుకున్నాయి. విదేశాల్లో చమురు తీసే మన ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ విదేశ్‌కు అప్పట్లో ఆ ప్రాంతపు క్షేత్రాల్లో 25 శాతం వాటా ఉండేది, ఆ నష్టం మనకూ తగిలింది.

లిబియాలో ఇంకా విచిత్రం. 2014లో తిరుగుబాటుదారులు ఒక రేవును పట్టుకుని మార్నింగ్ గ్లోరీ అనే ట్యాంకర్‌లో చమురు నింపి పంపించారు. అమెరికా నేవీ సీల్స్ దాన్ని మధ్యధరా సముద్రంలో పట్టుకుని లిబియాకు తిప్పి పంపారు. బావులూ రేవూ చేతిలో ఉన్నా ట్రిపోలీలోని జాతీయ చమురు సంస్థ సంతకం లేనిదే కొనేవాడు లేడు.

ఇరాక్ లోపలి తగాదా కూడా ఇలాంటిదే. కుర్దులు తమ ప్రాంతంలో కంపెనీలకు పాలు ఒప్పందాలిచ్చారు, బాగ్దాద్ కూలి పద్ధతే చెల్లుతుందంది. కుర్దులు టర్కీలోని జెహాన్ రేవు నుంచి సొంతంగా అమ్ముకున్నారు. పారిస్ మధ్యవర్తిత్వ న్యాయస్థానం బాగ్దాద్ అనుమతి లేకుండా ఎగుమతికి దారిచ్చినందుకు టర్కీని తప్పుపట్టింది, 2023 మార్చిలో ఆ పైప్‌లైన్ ఆగిపోయింది. ఈ తగాదా తీర్చాల్సిన చమురు చట్టం ముసాయిదా 2007 నుంచి ఇరాక్ పార్లమెంటు ముందు నలుగుతూనే వచ్చింది.

ఇక వాడకూడని ఉదాహరణ ఒకటి. 1932–35 మధ్య బొలీవియా, పరాగ్వే చాకో మైదానం కోసం కొట్టుకుంటే, వెనక చమురు కంపెనీలున్నాయని అప్పట్లో గట్టిగా ప్రచారమైంది. తగాదా పడ్డ ఆ నేలలో అప్పటికి చమురే దొరకలేదు. "చమురు ఉందని నమ్మారు" అని సర్దుకోవాల్సి వస్తుంది, ఎందుకొచ్చిన తంటా. 1953 ఇరాన్ మాత్రం వాడుకోవచ్చు. ఇరాన్ ప్రధాని మొసాదెక్ 1951లో చమురును జాతీయం చేశాడు, రెండేళ్లకు బ్రిటన్, అమెరికా గూఢచారి సంస్థలు ఆయన్ని పడగొట్టాయి. 1954లో వచ్చిన కూటమిలో ఇప్పటి బీపీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40 శాతం. కాకపోతే అది కుట్ర, యుద్ధం కాదు. ఆ తేడా మీరే ముందు చెప్పేయండి.

కేజీ బేసిన్ సంగతికి వద్దాం. మన దగ్గర జవాబు గట్టు మీద ఒకటి, సముద్రంలో ఒకటి. ప్రాదేశిక జలాల కింద, ఖండపు అంచు కింద ఉన్న ఖనిజాలన్నీ కేంద్రానివని రాజ్యాంగం 297వ అధికరణం చెబుతుంది. అందుకే కాకినాడ తీరానికి ఎదురుగా రిలయన్స్ తీసే డీ6 బ్లాకు గ్యాసులోగాని, సురసాని యానాం దగ్గర ఒడ్డుకు చేరే రవ్వ చమురులోగాని రాష్ట్రానికి యాజమాన్య హక్కు లేదు. గట్టు మీద, అంటే కోనసీమ, మండపేట, నరసాపురం వైపు బావుల విషయంలో, కేంద్రం ముందస్తు ఆమోదంతో లీజు ఇచ్చేది రాష్ట్రం, రాయల్టీ వచ్చేదీ రాష్ట్రానికే. అయితే చట్టం చేసే అధికారం రెండు చోట్లా కేంద్రానిదే, ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 53వ అంశం కింద. సహజవాయువు కూడా ఇందులోకే వస్తుందని 2004లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పొలం యజమానికి వచ్చేది నేల పైభాగం వాడుకున్నందుకు పరిహారమే. అమెరికాలో చాలాచోట్ల భూమి కింద చమురు ఆ భూయజమానిదే, ఆ పోలిక తెచ్చి ఇక్కడ వాదిస్తే చెల్లదు.

కంపెనీది ఎంత అన్నదానికి డీ6 కేసే జవాబు. అంబానీ అన్నదమ్ముల ఆస్తి పంపకంలో గ్యాస్ ఇంత ధరకు ఇవ్వాలని రాసుకున్నారు, ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 2010 మే 7న కోర్టు, గ్యాస్ ప్రభుత్వానిదని, ఉత్పత్తి పంపకం ఒప్పందానికి లోబడే కంపెనీకి హక్కులుంటాయని, ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల ఒప్పందం ప్రభుత్వ విధానాన్ని దాటలేదని చెప్పింది. మన లెక్కలో ఇది పాలు. ఖర్చులు ముందు తీసేసుకోవచ్చు కాబట్టి, ఖర్చు ఎంత చూపించారన్నదే ఇలాంటి ఒప్పందాల్లో ఎప్పుడూ గొడవ. 2016 నుంచి కొత్త బ్లాకులకు ఖర్చుతో సంబంధం లేకుండా ఆదాయంలోనే వాటా తీసుకునే పద్ధతి తెచ్చింది అందుకే.

అంకెలు చెప్పేటప్పుడు మూడు చోట్ల కాలు జారుతుంది. నిల్వ ఉందంటే ఉత్పత్తి ఉన్నట్టు కాదు. వెనిజువెలా 300 బిలియన్ బ్యారెళ్లకు పైగా నిల్వలతో జాబితాలో మొదటిది, తీయగలిగింది మాత్రం ఇటీవలి ఏళ్లలో రోజుకు 10 లక్షల బ్యారెళ్లకు అటూ ఇటూ. అది తారులాంటి బరువైన చమురు, పలుచన చేసే ద్రవం కలపందే పైప్‌లైనులో కదలదు. ఇంకొకటి, దేశాలు చెప్పుకునే నిల్వలు సొంత ప్రకటనలు. 1980ల్లో ఒపెక్ కోటాల బేరం సాగుతున్నప్పుడు పలు గల్ఫ్ దేశాల నిల్వల అంకెలు కొత్త క్షేత్రాలేమీ లేకుండానే ఒక్కసారిగా ఎగిశాయి. ఇరాక్‌కు 145 బిలియన్ బ్యారెళ్లని చెప్పేటప్పుడు "ఇరాక్ ప్రకటన ప్రకారం" అని కలపండి.

మూడోది, విశాఖపట్నం రాతి గుహల్లో దాచే చమురును భూగర్భ నిల్వలతో కలిపి మాట్లాడడం. విశాఖ గుహల సామర్థ్యం 13.3 లక్షల టన్నులు. మంగళూరు, పాదూరు గుహలు కూడా కలిపితే మొత్తం 53.3 లక్షల టన్నులు. పూర్తిగా నిండితే దేశానికి సుమారు 9.5 రోజులకు వస్తుందని ప్రభుత్వ అంచనా. ఇది కొనుక్కొచ్చి దాచుకున్న చమురు. ఈ లెక్కలు టన్నుల్లో, యుద్ధం వార్తలు బ్యారెళ్లలో వస్తాయి. టన్నుకు సుమారు 7.3 బ్యారెళ్లు, బ్యారెల్‌కు 159 లీటర్లు. వేదిక ఎక్కే ముందు మీ కాగితంలోని అంకెలన్నీ ఒకే కొలతలోకి మార్చి రాసుకోండి.